సదర్మాట్ కాలువ గట్టు మీద కొండల్‌రావు సైకిల్

ఖానాపూర్ బస్టాండుకు ఎదురుంగ రహీమ్ హోటల్ల వాన పడ్డనాడు ఒక బెంచి కొండల్‌రావు పటేలుకే ఖాయం. వాన లేనినాడు కూడ వస్తడు గని, అప్పుడు అందరి లెక్కనే మాట్లాడుతడు, ఎరువులు దొరుకుతలేవని, కరెంటు ఉంటలేదని. రేకుల మీద చినుకులు టపటప మోగినయా, ఇగ ఆయన గొంతు మారుతది. కాలు మీద కాలొస్తది. సదర్మాట్ కాలువ గట్టు మీద సైకిల్ ముచ్చట షురూ అయితది.

ఎనభై తొమ్మిది ఆషాఢంల గా దినం కూడ గట్లనే అయింది. నేను ఎదురు వరుసల విత్తనాల దుకాణంల లెక్కలు రాస్త. వానకు దుకాణంకు ఎవ్వలు రాక, హోటల్లకొచ్చి కూసున్న. నా పక్కన హనుమండ్లు. ఎవ్వలు ఏది చెప్పినా ఆయన నమ్మడు, పొద్దు పొడిచిందంటె కూడ బయటికొచ్చి చూసి గని ఒప్పుకోడు. రహీమ్ చాయ్ కాస్తుండు. బయట రేకుల కింద ఒక ఆడపిల్ల, నెత్తి మీద చున్నీ, చేతిల సంచి, మంచిర్యాల బస్సు కోసం నిలవడ్డది. ఉర్దూ బడికి కొత్తగ వచ్చిన పంతులమ్మ అని రహీమ్ చెప్పిండు. ఆమె మా దిక్కు చూస్తలేదు, మేము కూడ ఆమె సంగతి అంతట్లనే మర్చిపోయినం.

“గిది కూడ వాననేనా?” అన్నడు కొండల్‌రావు రేకుల దిక్కు చూసి. “వానంటె అరవై ఒకటిల పడ్డది. గప్పుడు నేనూ మక్బూలూ... మక్బూల్ అంటె నా దోస్తు, దర్జీ ఖాసీం సాబ్ కొడుకు. నేను పటేలు కొడుకును, ఆడు దర్జీ కొడుకు, అయినా ఒక్క సాసర్ల ఈ అంచు నుంచి నేను, ఆ అంచు నుంచి ఆడు చాయ్ తాగినోల్లం. ఒకనాడు కాలువల కాళ్లు పెట్టుకొని కూసున్నం. ఆడన్నడు, అరె కొండల్, మనం ఈత నేర్చింది గీ నీళ్లల్లనె, మీ పొలం పారేది గీ నీళ్లతోనె, గీ నీళ్లు ఏడకెళ్లి మొదలైతయో ఒక్కసారన్న చూసినమా? చూడలే. మా తాత చిన్నగున్నప్పుడు నిజాం సర్కారోళ్లు గోదావరికి అడ్డంగ ఆనకట్ట కట్టిన్రు, కాలువ తవ్విన్రు, ఊరోళ్లందరు పోయి చూసొచ్చిన్రు, మేమిద్దరమే చూడలే. ఇగ రేపే పోదాం, సైకిళ్ల మీద పోదాం, గట్టు మీదికెళ్లి సక్కగ ఆనకట్ట దాంక పోదాం అన్న.”

మక్బూల్ అనేటాయన నిజంగనే ఉండెనో, లేకుంటె ముచ్చటల వచ్చే మొసళ్ల తోటి గీయన్ను కూడ పటేలే పుట్టిచ్చిండో మాకు తెల్వది. నేను ఈ ఊరికొచ్చి ఆరేడేండ్లు. రహీమ్ అసలు ఖానాపూరోడే కాదు. హనుమండ్లు ఊరు కడెం దిక్కు.

“పొద్దుగాల్నే ఎల్లినం. రాత్రంత వాన, ఇంక పడుతనే ఉంది. నాకు ఒక చేతిల గొడుగు, ఒక చేతిల హ్యాండిలు. ఊరు దాటి మొదటి తూము దాంక కాలు కింద వెట్టలే.”

“గంతేనా?” అన్నడు హనుమండ్లు. “గొడుగు వట్టుకొని మా చెల్లె కూడ తొక్కుతది.”

“జర ఆగు. ముచ్చట ఇంక ఊరు దాటలే, నువ్వు అప్పుడే గునుస్తున్నవ్. తూము దాటంగనే నల్లరేగడి వచ్చింది. రేగడి సంగతి నీకు చెప్పాల్నా? గీర ఒక్క చుట్టు తిరిగితె వేలెడు మందం అంటింది, ఇంకో చుట్టుకు జానెడు అంటింది. మక్బూల్ దిగిండు, పుల్ల వట్టుకొని గోకుడు షురూ చేసిండు. ఆడు గోకిన కాడికి బురద మల్ల అంటుకుంటుంది, ఆడు మల్ల గోకుతుండు. నేను గోకలే. ఎంత అంటుకుంటదో అంటుకోనీ అన్న. అంటుకొని అంటుకొని నా గీర బండి గీరంత అయింది, ఆ తర్వాత ట్రాక్టర్ ఎనుక గీరంత అయింది, నేను సీటు మీద కూసొని చూస్తె టేకుచెట్ల కొసలు కిందికి కనవడుతున్నయి. గటు చూస్తె నిర్మల్ ఖిల్లా బురుజులు, గిటు చూస్తె కడెం గుట్టలు. ఒక కొంగ నా పక్కపొంటి ఎగురుకుంట వొయ్యింది. గీడెవ్వడు నా తొవ్వల అన్నట్టు మెడ తిప్పి చూసి, పక్కకు జరిగింది.”

రహీమ్ చాయ్ వడపోసుకుంటనే నవ్విండు.

“ఆ తర్వాత ఏమైందో తెలుసా? గట్టు కింద ఎవ్వలో నారు పోసిన్రు. గట్టు జారి నా గీర గా నారుమడిల దిగి లేచింది, బురద తోటి నారు కూడ అంటుకొని వచ్చింది. ఇగ చూడు. కింద మన్ను ఉండె, పైన వాన ఉండె, గీర తిరుగుతుంటె గాలి తగులుతుండె. పంటకు ఇంకేం కావాలె? రెండో తూము కాడికి నారు పచ్చగ మోకాలెత్తు లేచింది. మూడో తూము కాడికి పొట్టకొచ్చింది. ఇంకో కోసెడు తొక్కిన్నో లేదో, వడ్ల గొలుకలు ఎల్లి హ్యాండిల్ మీదికి వాలినయి.”

“ఏం రకం వడ్లు పటేలా?” అన్నడు రహీమ్.

“బంగారు తీగలు. గా వాసన ఇప్పటికి గీ ముక్కులనే ఉన్నది.”

“మరి కలుపెవ్వలు తీసిన్రు?” అన్నడు హనుమండ్లు.

“చైను తీసింది. కలుపంత చైనుల వడి తెగిపోయింది.”

హనుమండ్లు నా దిక్కు చూసిండు. నేను చాయ్ గిలాసల మొకం పెట్టిన.

“ఇంక కొంచెం పోతె గట్టుకు గండి. రెండు బండ్లు పక్కపక్కన పోయేటంత గండి, అండ్లకెళ్లి నీళ్లు ఉరుకుతున్నయి. మక్బూల్ దాన్ని చూసి సైకిల్ దిగిండు. నేను కూడ దిగిన. కట్టె లేదు, మొద్దు లేదు. ఏం చేస్త? నా సైకిలే గండికి అడ్డం ఏసిన. ఏసి, దాని మీదికెళ్లి సైకిల్ తొక్కుకుంట అవుతలికి పోయిన.”

“ఏ సైకిల్ తొక్కుకుంట?”

“నాదే.”

“నీది గండికి అడ్డం ఏస్తివి గద!”

“ఏసిన.”

“మరి దాని మీద దాన్నే ఎట్ల తొక్కినవ్?”

“మెల్లగ తొక్కితె కాదు హనుమండ్లూ. జోరుగ తొక్కాలె,” అన్నడు కొండల్‌రావు, చిన్న పోరనికి ఎక్కం చెప్పినట్టు.

రహీమ్ చేతిలది పక్కకు వెట్టి పొట్ట వట్టుకొని నవ్విండు. హనుమండ్లుకు కూడ నవ్వొచ్చింది గని ఆపుకున్నడు. పటేలుకు ఇగ హుషారెక్కింది, బెంచి అంచుకు జరిగిండు.

“గండి దాటినం గని మక్బూల్ సైకిల్ చైను తెగింది. ఇగ ఆడు బురదల కూలవడి ఏడుసుడు షురూ చేసిండు. కొండల్, నన్ను ఇడిశిపెట్టి పోకుర, ఆనకట్ట వద్దు ఏమద్దు, ఇంటికి పోదాం పారా అని ఒక్కటే ఏడుపు. ఆడు మొదటికెళ్లి పిరికోడు. చెట్టు మీద తొండ తల ఊపితె భయపడేటోడు. నేను నా తువ్వాల తీసిన, ఆని సైకిల్ నా క్యారియర్‌కు కట్టిన, గుంజుకుంట తొక్కుతున్న. జరసేపైనంక తొక్కుడు బరువైంది. ఏందిరా అని ఎనుకకు మర్రి చూస్తె, కాలువలకెళ్లి ఒక మొసలి లేచి మక్బూల్ సైకిల్ మడ్‌గార్డు కరిచి వట్టుకున్నది. చిన్నది కాదు. రహీమ్, నీ పొయ్యి కాడికెళ్లి బస్టాండు గేటు దాంక ఉంటది. మక్బూల్ ఏం చేసిండు? కండ్లు మూసుకున్నడు. నేనేం చేసిన? తొక్కిన. ముందట నేను, నా ఎనుక మక్బూల్, మక్బూల్ ఎనుక మొసలి. గట్టు మీద మూడు డబ్బాల రైలు పోతున్నది. పొలాలల్ల నాటేసేటోళ్లు నడుములు లేపి, గీ దిక్కు రైలు పట్టాలు ఎప్పుడేసిన్రని ఒకల్లనొకలు అడుగుకుంటున్రు.”

నేను గప్పుడే చూసిన. బయట నిలవడ్డ పంతులమ్మ మా దిక్కు మర్రింది. సంచి ఈ చేతిలకెళ్లి ఆ చేతిలకు మార్చుకొని, తలుపు కాడికి ఒక అడుగు దగ్గరికొచ్చింది.

“ఆనకట్ట కాడికి పోయెటాలకు గోదావరి నిండుగ వస్తున్నది. ఇంకొక్క మూరెడు పెరిగితె కాలువ తెగుతది, కాలువ తెగితె ఖానాపూర్ పోతది, మీరు పోతరు, గీ హోటల్ పోతది. గప్పటికి హోటల్ లేకుండె, అది వేరే సంగతి. నేను సైకిల్ ఎనుక గీర నీళ్లల్లకు దించిన. దించి ఎనుకకు తొక్కిన. గోదావరి ఎనుకకు వొయ్యింది. ఏడ దాంక వొయ్యింది? బాసర దాంక వొయ్యింది. ఆడ స్నానాలు చేసేటోళ్లు పరేషాన్ అయిన్రు.”

“ఎనుకకు తొక్కితె సైకిల్ గీర తిరుగుతదా?” అన్నడు హనుమండ్లు.

“నీది తిరగది. నాది తిరిగింది.”

మేమందరం ఒక్కసారే నవ్వినం. కొండల్‌రావు నవ్వలే. గీ జాగకు వస్తె ఆయన ఎప్పుడు నవ్వడు. గొంతు కూడ కిందికి దిగుతది. ఇంకెవ్వలు లేనట్టు రోడ్డు మీద పారుతున్న వాననీళ్లను చూసుకుంట చెప్తడు.

“ఇగ నీళ్లు తగ్గినయి. మేమిద్దరం ఆనకట్ట మీదికెక్కినం. గీ ఒడ్డుకెళ్లి గా ఒడ్డు దాంక ఒక్కటే రాతికట్ట. దాని మీదికెళ్లి నీళ్లు సన్నగ దుంకుతున్నయి, ఖాసీం సాబ్ మల్లుబట్ట తాను ఇప్పి పరిచినట్టు. ఆడ నది తన తొవ్వల తాను పోతది. మన నీళ్లు గిటు దిక్కు మలుగుతయి. మలిగే కాడ సప్పుడు ఉండదు. ఎవ్వలో చెయ్యి వట్టుకొని పిలిచినట్టు ఊకెనే వచ్చేస్తయి. గటు పోయే నీళ్లు గిటొచ్చే నీళ్లను జరసేపు చూస్తయి అనిపించింది నాకు. మక్బూల్ నా భుజం మీద చెయ్యేసిండు. కొండల్, నువ్వు లేకుంటె గిది నేను సచ్చేదాంక చూడకపోదును అన్నడు.”

రేకుల మీద వాన ఒక్కటే మోగుతున్నది.

“చాచా,” అన్నది తలుపు కాడికెళ్లి ఆ పిల్ల. “మీరు ఆనకట్ట చూడలేదు కదా?”

కొండల్‌రావు తలెత్తిండు.

“చూసిన్రా? నిజంగ అడుగుతున్న.”

“ఎవ్వలమ్మా నువ్వు?”

“బిల్కీస్‌ను. మక్బూల్ బిడ్డను. మాది బెల్లంపల్లి.”

కాలు మీదికెళ్లి కాలు జారి కింద పడ్డది. కొండల్‌రావు లేసి నిలవడబోయిండు, ఎందుకు లేస్తుండో మర్చిపోయినట్టు మల్ల కూసున్నడు. రహీమ్ గబగబ ఒక కుర్చి తెచ్చి తలుపు కాడ వేసిండు. ఆమె కూసోలే, కుర్చి మీద సంచి వెట్టి పక్కన నిలవడ్డది.

“ఇంతసేపు వింటనే ఉన్న,” అన్నది. “మక్బూల్ అన్న పేరు విని చెవి పెట్టిన. ఇంకెవ్వరో కొండల్ కావచ్చు అనుకున్న. మా అబ్బా చెప్పే ముచ్చటల కొండల్ ఇంత మాట్లాడడు. ఒక్క మాట కూడ మాట్లాడడు.”

“అదే ముచ్చట ఆయన కూడ చెప్తడా?” అన్నడు హనుమండ్లు.

“వాన పడితె చెప్తడు. అప్పట్ల బొగ్గుబాయి డ్యూటీకెళ్లి వచ్చి, స్నానం చేసి, మా అమ్మ రొట్టెలు చేస్తుంటె పొయ్యి కాడ కూసొని చెప్పేటోడు. మాకు నోటికొచ్చు.” ఆమె మా వైపు కాదు, పటేలు వైపే చూసి చెప్పింది. “సైకిళ్ల మీద పోయిన్రు. మొదటి తూము దాటినంక బురదల గీరలు తిరగలే. పది గజాలు పోవుడు, దిగి గోకుడు, మల్ల పది గజాలు పోవుడు. పగటీలి అయింది గని రెండో తూము దాటలే. ఆడ నీళ్లు విడిచే ముసలాయన గుడిసె ఉండెనట. ఆయన పెండ్లాం దేవవ్వ మిమ్మల్ని లోపలికి పిలిచి జొన్న గటక పెట్టింది. తిన్నంక ఇద్దరు చూరు కింద కూసున్నరు. అప్పుడు చెప్పిండట మా అబ్బా, బెల్లంపల్లిల నౌకరి దొరికింది, తెల్లారి పోతున్న అని. అంతకుముందే చెప్పాల్నని ఉండె, నోరు రాలే. అందుకే ఆనకట్ట చూద్దామని మిమ్మల్ని తీస్కపోయిండు. ఆడ నిలవడి చెప్దామనుకున్నడు.”

కొండల్‌రావు అరచేతులు రెండు మోకాళ్ల మీద వెట్టుకొని వింటుండు.

“మీరు ఏమన్లేదట. లేసి పుల్ల తీస్కొని మీ సైకిల్ బురద తీసిన్రు. గీరకు, చైనుకు, మడ్‌గార్డు లోపల, అంత తీసిన్రు. అది అయినంక మా అబ్బా సైకిల్ దగ్గర కూసొని దాని బురద కూడ తీసిన్రు. పటేలు కొడుకు నా సైకిల్ బురద తీస్తుండు, వద్దు అనబుద్ధి కాలే, ఆయన తీస్తున్నంతసేపు ఇంటికి పోవుడు ఉండదు గదా అని చూస్తనే కూసున్న అంటడు. కడిగినట్టు చేసిన్రట. ఆ తర్వాత మల్ల అదే బురదల, ఇద్దరు సైకిళ్లు భుజాన వేసుకొని నడుసుకుంట ఊరికొచ్చిన్రు.”

“మొసలి?” అన్నడు రహీమ్ మెల్లగ.

“మొసలి లేదు.”

హనుమండ్లు నవ్వుతడనుకున్న. నవ్వలే. ఎన్నేండ్ల సంది గీ ముచ్చటకు సూది గుచ్చాలని చూసినోడు, ఇప్పుడు మా కంటె ముందు తల దించిండు.

“ఆడు ఎట్లున్నడు బిడ్డా?” అన్నడు కొండల్‌రావు.

“మోకాళ్లు పనిచేస్తలేవు. డ్యూటీ మానేసిండు. మంచంల నుంచి వాకిట్లకు రావాల్నన్నా ఇద్దరం పట్టుకోవాలె. నాకు ఖానాపూర్ల నౌకరి వచ్చిందంటె ఎంత సంబరపడ్డడో. మొదలు చెప్పింది ఒక్కటే. ఆడ కొండల్‌రావు అని ఉంటడు, ఇంటి పక్కనే ఆనకట్ట ఉన్నది, నేను లేకుంట ఎన్నిసార్లు చూసొచ్చిండో అడుగు అన్నడు. కోపంగ కాదు చాచా. తెలుసుకోవాలని ఉంది ఆయనకు. చూసి ఉంటె ఎట్లుంటదో మిమ్మల్ని అడిగి రమ్మన్నడు.”

కొండల్‌రావు ముక్కు గట్టిగ తుడుసుకున్నడు.

“పోలే,” అన్నడు. “ఒక్కసారి కూడ పోలే. మా పెండ్లాం పిల్లలు పోయొచ్చిన్రు. మా జీతగాడు పోయొచ్చిండు. నేను గట్టెక్కుత. మొదటి తూము కాడ ఆగుత. ఇంక జర ముందుకు పోదామా అనుకుంట. మల్ల ఇంటికొస్త. పొలంల నీళ్లు పారుతుంటె ఒడ్డు మీద నిలవడి చూస్త, ఇవి ఆడికెళ్లే గదా వస్తున్నయి అని. ఒక్కన్నే పోయి ఏం చూస్త బిడ్డా? చూసి ఎవ్వనికి చెప్త?”

“మరి ఇంతసేపు చెప్పిన్రు కదా. నీళ్లు మలిగేది.”

“అది నేను చూసింది కాదు. గట్ల ఉంటదేమో అని.”

బస్సు హారన్ వినవడ్డది. మంచిర్యాల బస్సు బురద నీళ్లు చిమ్ముకుంట వచ్చి ఆగింది. బిల్కీస్ సంచి అందుకున్నది. “రేపు ఐతారం, బడి లేదు. ఇంటికి పోతున్న. ఏం చెప్పాలె అబ్బాకు?”

కొండల్‌రావు లేసిండు. ధోతి అంచు ఎత్తి పట్టుకొని, చెప్పుల వారు సరిచేసుకున్నడు.

“రామచంద్రం,” అన్నడు నాతోటి, “మా ఇంటికి పోయి చెప్పు. బెల్లంపల్లి పోయిండని చెప్పు.”

“తడుస్తరు పటేలా. బట్టలన్న తెచ్చుకోరి, ఇంకో బస్సు ఉన్నది,” అన్నడు రహీమ్.

ఆయన వినలే. వానల నెత్తి మీద తువ్వాల కూడ వేసుకోకుంట ఉరికి బస్సెక్కిండు. కిటికి కాడ కూసున్నడు. బస్సు మలుపు తిరిగేదాంక కనవడ్డది మాకు, ఆయన ఆ పిల్లను ఏదో అడుగుతుండు, ఆమె చెప్తుంది, మల్ల అడుగుతుండు. ఆయన అడుగుడు, ఇంకొకలు చెప్పుడు నేను చూసింది అదే మొదలు.

ఆయన వారం దాటినంక తిరిగొచ్చిండు. ఆ నాడు కూడ వాననే. వచ్చి ఆయన బెంచి మీద ఆయన కూసున్నడు. రహీమ్ చాయ్ తెచ్చి ముందల వెట్టిండు. రేకుల మీద వాన ఎంత జోరుగ మోగినా ఆయన నోరు తెరుస్తలేడు. ఒక్క మొసలి వచ్చినా బాగుండు అనిపించింది.

“ఆడు నన్ను గుర్తువట్టలే ముందు,” అన్నడు కొండల్‌రావు ఆఖరికి. “గొంతు విని గుర్తువట్టిండు. రెండు రాత్రులు నిద్రపోలే ఇద్దరం.” చాయ్ ఒక్క గుక్క తాగి గిలాస పక్కకు జరిపిండు. “దసరా ఎల్లినంక నేల ఆరుతది. అప్పుడు తీస్కొస్త ఆన్ని. గట్టు మీదికెళ్లి తీస్కపోయి ఆనకట్ట చూపిస్త.”

మేము ఒకల్ల మొకాలు ఒకలం చూసుకున్నం. మంచం దిగాల్నంటె ఇద్దరు పట్టాలె ఆ మనిషికి. బెల్లంపల్లికెళ్లి గీడికే ఎట్లొస్తడో, ఇగ గట్టు మీద గుంతలు, రాళ్లు. గిది మొసలి కంటె పెద్ద కోత. హనుమండ్లు గొంతు సవరించుకున్నడు. ఇగ అన్నడే అనుకున్న.

“సైకిల్ మీదనా?” అన్నడు.

“మరి ఎట్లరా?” అన్నడు కొండల్‌రావు. ఆయన గొంతుల జోరు లేదు.

హనుమండ్లు బీడీ కింద పడేసి చెప్పుతోటి తొక్కిండు. “నేను బండి కడ్త,” అన్నడు. “అడుగున వరిగడ్డి మందంగ పరుద్దాం, మీద బొంతలు వేద్దాం. మంచంల ఉన్నట్టే ఉంటది ఆయనకు. గుంతలొచ్చిన కాడ మనం దిగి గీర ఎత్తుదాం.”

కొండల్‌రావు ఆయన దిక్కు చూడలే. గిలాస మల్ల దగ్గరికి జరుపుకొని మిగిలిన చాయ్ తాగిండు.

“పొద్దుగాల్నే ఎల్లాలె,” అన్నడు. “ఎండెక్కితె ఆడు తట్టుకోడు.”